రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు పొద్దున్నే బయల్దేరుతుంది. అందులో కుడివైపు కిటికీ దొరికినవాడు అదృష్టవంతుడని మా ఊళ్లో అందరికీ తెలుసు. లోయలన్నీ అటే. నాకా అదృష్టం పట్టింది గానీ, కిటికీలోంచి చూసింది మాత్రం సగమే. ఒళ్లో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు పరుచుకుని, ఒక కన్ను బయటా ఒక కన్ను కాగితం మీదా పెట్టి కూర్చున్నాను. ఆ దారి నాకు కొత్త కాదు. కానీ రైలు ఎందుకన్ని వంపులు తిరుగుతుందో, బొర్రా దగ్గర మనం దేని నెత్తిమీద నిలబడి ఉంటామో మ్యాపు చూసుకుంటూ తెలుసుకోవాలని చాలాకాలంగా కోరిక.

ఒకప్పుడిది అయ్యే పని కాదు. తీరప్రాంతపు షీట్లను రక్షణ కారణాలు చెప్పి మామూలు జనానికి అమ్మేవాళ్లు కారు. 2005లో జాతీయ మ్యాపు విధానం వచ్చాక రక్షణశాఖకి ఒక వరస, ప్రజలకి ఒక వరస వేయడం మొదలైంది. 2017 నుంచి ప్రజల వరస 1:50,000 షీట్లను ఇంటర్నెట్‌లో ఉచితంగా దించుకోనిస్తున్నారు.

షీట్ల నంబర్లు చూడగానే భయపెడతాయి గానీ లెక్క తేలికే. నాలుగు డిగ్రీల పొడవు, నాలుగు డిగ్రీల వెడల్పున్న ముక్కకి ఒక అంకె. మనది 65. దాన్ని పదహారు చేసి ఎ నుంచి పి దాకా అక్షరాలిచ్చారు. ఒక్కో అక్షరాన్ని మళ్లీ పదహారు చేసి అంకెలిచ్చారు. కొత్తవలస 65 ఓ/1, శృంగవరపుకోట 65 ఎన్/4, బొర్రా 65 ఎన్/3, అరకు 65 జె/15. ఇప్పటి షీట్ల మీద వేరే పద్ధతి నంబర్లున్నా పాతవాళ్లు వీటితోనే మాట్లాడతారు. బొర్రా తన షీటుకి ఎడమ అంచు వైపున పడింది. మనకి కావలసిన ఊరు ఎప్పుడూ షీటు అంచునో మడత మీదో ఉంటుందన్నది మ్యాపులు వాడేవాళ్ల పాత ఫిర్యాదు.

స్కేలు గొడవ రైలెక్కక ముందే, జిరాక్సు షాపులోనే మొదలైంది. "ఏ3లో వచ్చేస్తది సార్, ఫిట్ టు పేజ్ కొట్టేస్తాను" అన్నాడు కుర్రాడు. వద్దని ఆపాను. మన అక్షాంశం దగ్గర ఒక షీటు సుమారు ఇరవయ్యారున్నర కిలోమీటర్ల వెడల్పు, ఇరవయ్యేడున్నరకి పైగా పొడవు నేలని పడుతుంది. 1:50,000 అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. అంటే బొమ్మ ఒక్కటే 53 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఏ1 కాగితం మీద తప్ప పట్టదు. ఏ3లోకి కుదిస్తే అన్నీ సగమై స్కేలు 1:1,00,000 అయిపోతుంది. కింద అచ్చులో మాత్రం 1:50,000 అనే ఉంటుంది. అంకె నిలువునా అబద్ధమాడుతుందన్నమాట. దాని పక్కనే నలుపూ తెలుపూ గళ్లతో ఉండే స్కేలు పట్టీ అలా చెయ్యదు. బొమ్మ కుదించుకుపోతే అదీ కుదించుకుపోతుంది, పెరిగితే పెరుగుతుంది. మంచి మ్యాపుల్లో రెండూ పక్కపక్కనే వేయడం అందంకోసం కాదు. పుస్తకాల్లో, పత్రికల్లో పేజీకి సరిపెట్టి వేసిన మ్యాపుల కింద ఆ పట్టీ లేకుండా ఉత్త అంకె కనిపిస్తే నేనైతే నమ్మను.

కొత్తవలసలో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. కాసేపు నా కాగితం వంక చూసి, ఉండబట్టలేక అడిగారు.

"ఏటి బాబూ అది? నక్షాలాగుంది గానీ సర్వే నంబర్లేవీ?"

"ఇందులో ఉండవండీ. కొండలూ వాగులూ చూసుకునే మ్యాపు ఇది."

"పొలం గట్లో?"

"అవీ ఉండవు."

"అయితే మరేటున్నాయందులో?" అని పెద్దగా నవ్వారు. తీరా చూస్తే ఆయన రిటైరైన సర్వేయరు. ఉద్యోగమంతా గట్ల దగ్గరే గడిచిందట. పాత మద్రాసు ప్రెసిడెన్సీ నాటి గ్రామపటం మైలుకి పదహారంగుళాలు. అంటే అంగుళానికి ఐదు గొలుసులు. గొలుసు అరవయ్యారడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. లెక్క ఆయన నోట పద్యంలా నడిచింది. అంతకన్నా వివరం కావాలంటే ఫీల్డ్ మెజర్మెంట్ బుక్, అదే ఎఫ్‌ఎంబీ. అందులో సర్వే నంబరు సర్వే నంబరుకీ విడిగా బొమ్మ, రాళ్ల మధ్య కొలతలు.

లక్కవరపుకోట దగ్గర తమ ఊరేదో చూపించమన్నారు. చూపిస్తే దానిమీద బొటనవేలు పెట్టి, "చూశారా, మా ఊరూ, చెరువూ, నా సర్వీసులో సగం తగువులూ వేలికింద పోయాయి," అన్నారు. కిలోమీటరు మేర ఉండే ఊరు నా షీటులో రెండు సెంటీమీటర్లు. ఆయన గ్రామపటంలో అదే పాతిక సెంటీమీటర్లు. ఆయనది పెద్ద స్కేలు, నాది దానికన్నా చిన్నది. దేశమంతటినీ గోడకి తగిలించే మ్యాపు మరీ చిన్న స్కేలు. 'పెద్ద' అనగానే ఎక్కువ నేల పట్టేది అనుకుంటారు గానీ, ఒక్కో వస్తువు పెద్దగా కనిపించేదే పెద్ద స్కేలు.

ఎండకి గొలుసు సాగుతుందనీ, అందుకని మిట్టమధ్యాహ్నం కొలతల్ని నమ్మకూడదనీ ఆయన అంటుంటే నాకు 1862 గుర్తొచ్చింది. భారత మహా త్రికోణమితి సర్వేవాళ్లు ఆ ఏడు విశాఖపట్నం దగ్గర ఒక బేస్‌లైను కొలిచారు. వాళ్లదీ ఇదే బెంగ. అందుకే గొలుసు మానేసి కోల్బీ కడ్డీలు వాడారు. ఒక ఇనుప కడ్డీ, ఒక ఇత్తడి కడ్డీ జతగా బిగించి ఉంటాయి. వేడికి రెండూ వేరువేరు మోతాదుల్లో సాగుతాయి. ఆ తేడాని వాడుకునే, ఎంత ఎండకాసినా పదడుగుల కొలత కదలకుండా నిలబెట్టే ఏర్పాటు అది. మైళ్ల పొడవున ఒక్క గీతని అలా నేలమీద కొలిచి, ఆపైన కొండ కొండకీ కోణాలు చూస్తూ త్రిభుజాలు అల్లుకుపోయారు. ఎక్కడో ఒకచోట ఒక గీతని నిజంగా కొలిచి ఉండకపోతే ఆ త్రిభుజాల వల ఆకారం తెలుస్తుంది గానీ ఎంత పెద్దదో తెలియదు. స్కేలు పుట్టేది ఆ గీత దగ్గరే.

"ఇప్పుడు రోవర్లొచ్చేశాయి బాబూ. కర్ర నిలబెట్టి బొత్తాం నొక్కుతున్నారు, సెంటీమీటర్లలో చెప్పేస్తంది. గట్టు దగ్గర తగువు మాత్రం అలాగే ఉంది," అంటూ శృంగవరపుకోటలో దిగిపోయారు.

బొడ్డవర దాటితే కొండ. షీటులో అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోటంతా గోధుమరంగు గీతలు కమ్ముకున్నాయి. కాంటూరు గీత అంటే ఏమిటో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేసవిలో చెరువు ఎండుతుంటే ఒడ్డు చుట్టూ వరసగా నీటిగుర్తులు మిగులుతాయి చూడండి, అవే. ఒక్కో గుర్తూ ఒక్కో ఎత్తు. ఈ షీట్లలో గీతకీ గీతకీ ఎత్తు తేడా 20 మీటర్లు. ప్రతి ఐదో గీత లావు, అంటే వంద మీటర్లకి ఒకటి. గీతలు ఎడంగా ఉంటే నేల మెల్లగా లేస్తోందని, ఇరుకుగా ఉంటే నిట్టనిలువని అర్థం. ఒక మిల్లీమీటరుకి ఒక గీత ఉందంటే యాభై మీటర్లు నడిచేలోగా ఇరవై మీటర్లు ఎక్కాలి. అలాంటిచోట మనిషి ఆయాసపడుతూ ఎక్కగలడు. రైలు ఎక్కలేదు.

కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో వేశారు, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి. ఈ ఘాట్‌లో ఎక్కుడు అరవైకి ఒకటి. అరవై మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు పైకి. ఇప్పుడు షీటు మీద లెక్క వేసుకోండి. ఒక కాంటూరు నుంచి పై కాంటూరుకి చేరడానికి, అంటే ఇరవై మీటర్లు ఎక్కడానికి, రైలు కనీసం 1,200 మీటర్లు పరుగెత్తాలి. షీటు మీద అది రెండు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. నిటారుగా పోతే మిల్లీమీటరులో దాటేసే గీతని పట్టుకుని, దాని వెంట కొండ ఒంపుల్లోకి దూరి, వాగు తల చుట్టి, మళ్లీ బయటి మలుపుకొచ్చి, ఇరవైనాలుగు మిల్లీమీటర్లు తిరిగాక గానీ రైలు పై గీతని అందుకోదు. షీటులో రైలు గీత, గోధుమరంగు గీతల పక్కన దాదాపు సమాంతరంగా పాకుతూ పోతుంది. ఎక్కడ గీతలు మరీ ఇరుకై చుట్టు తిరగడానికి చోటు లేదో అక్కడ నల్లగీత చుక్కలుగా తెగిపోతుంది. అది సొరంగం. నేను వేలితో ఆ తెగిన ముక్కని తాకి తల ఎత్తేసరికి పెట్టెలో చీకటి, కుర్రాళ్ల కేకలు. విశాఖనుంచి అరకుకి కాకి ఎగిరితే ఎనభై కిలోమీటర్ల చిల్లర. రైలుకి నూట ముప్పై దగ్గర పడుతుంది. మిగతా అంతా ఆ ఇరవైనాలుగు మిల్లీమీటర్ల బాపతే.

ఇదే లైను దేశపటంలో చూస్తే ఒక నున్నటి వంపు. 1:10,00,000 స్కేలులో కిలోమీటరుకి ఒక్క మిల్లీమీటరే చోటు. ఈ మెలికలన్నీ వేయబోతే సిరాముద్ద అవుతుంది. అందుకని మ్యాపు గీసేవాడు వంపుల్ని సాపుచేస్తాడు, చిన్న వాగుల్ని తీసేస్తాడు, ఊళ్లలో కొన్నింటినే ఉంచుతాడు. నా షీటులోనూ ఈ పని జరిగింది, కాకపోతే పట్టి చూడాలి. రైలుగీత మందం అర మిల్లీమీటరు అనుకున్నా నేలమీద పాతిక మీటర్లు. పట్టాలు అంత వెడల్పు ఎక్కడుంటాయి? ఇరుకు లోయలో వాగూ రోడ్డూ రైలూ ఒకదానిపక్క ఒకటి ఉంటే, మూడింటినీ ఉన్నచోటే వేస్తే ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. కాబట్టి వాగుని ఉన్నచోటే ఉంచి మిగతావాటిని కాస్త పక్కకి జరుపుతారు. ఎటు పక్కన ఏది ఉందన్నది నిజంగా నిలుస్తుంది, ఎంత దూరమన్నది కొంచెం పోతుంది. నాకిది మోసంలా కనిపించదు. అన్నిటినీ ఉన్నచోటే ఉంచుతానని పట్టుబట్టినవాడి మ్యాపు చదవడానికి పనికిరాదు.

రంగుల వాటా కూడా ఇలాంటిదే. కొండ ఎత్తులకి గోధుమరంగు, నీళ్లున్న వాగులకి నీలం, ఎండిపోయే వాగులకి నలుపు, అడవికి ఆకుపచ్చ, ఊళ్లకీ రోడ్లకీ ఎరుపు. గోధుమరంగుని కావాలనే పలచగా ఉంచారు. అది షీటంతా నిండి ఉంటుంది గనుక ముదురైతే దానిమీది ఊళ్ల పేర్లు చదవలేం. ముందు ఎర్రని ఊరు, తర్వాత నీలి వాగు, వెతికితేనే కొండ గీత. కంటికి ఆ వరస దొరికేలా గీయడంలోనే మ్యాపు వేసేవాడి నేర్పంతా.

చిమిడిపల్లి దగ్గర పక్కసీటు ఇంజనీరింగు కుర్రాడు తన ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెచ్చి నా ముందు పెట్టాడు. "సార్, ఇందులో వాగు కొండ శిఖరం మీంచి పారుతోందేంటి?" నిజమే. లోయలు ఉబ్బెత్తుగా, కొండలు గుంటలుగా కనిపిస్తున్నాయి. ఫోను తలకిందులు చెయ్యమన్నాను. చేశాడు. కొండలు టక్కున పైకి లేచాయి, వాగు అడుక్కి దిగింది. పెట్టెలో నలుగురు చేరి వాళ్ల ఫోన్లు కూడా తిప్పి చూసుకున్నారు.

కారణం వెలుతురు. బొమ్మలో వెలుతురు పైనుంచీ ఎడమనుంచీ పడుతుందని మన కన్ను ముందే అనుకుంటుంది. ఇలాంటి ఉపగ్రహాలు ఎక్కువగా పొద్దున పదీ పదిన్నర ప్రాంతంలో ఫోటో తీస్తాయి. ఆ వేళకి, ముఖ్యంగా చలికాలంలో, మనకి సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. నీడలు వాయవ్యానికి పడతాయి. ఉత్తరం పైకి పెట్టి చూస్తే వెలుతురు కిందనుంచి వచ్చినట్టవుతుంది, మెదడు కొండని గుంట చేసేస్తుంది. ఈ సంగతి తెలిసే కొండలకి నీడలు వేసే మ్యాపు చిత్రకారులు వెలుతుర్ని మామూలుగా వాయవ్యం నుంచే పడేస్తారు. స్విట్జర్లాండుకి చెందిన ఎడువార్డ్ ఇమ్‌హోఫ్ ఆ విద్యలో గురువు. ఆల్ప్స్ మీద మధ్యాహ్నం పూట వాయవ్యం నుంచి ఎండ కాయదని ఆయనకి తెలియక కాదు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాను. అరకు ముందుంది, ఆ దారిలోనే ఇంకా ఎత్తున శిమిలిగూడ, 996 మీటర్లు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదిగా పేరున్నది. నాకు కావలసింది బొర్రా. రైలు గీత షీటులో ఇక్కడ గుహల మీదుగానే పోతుంది. పైన ఖనిజం బండి, కింద సున్నపురాతి గుహ, ఆ అడుగున గోస్తనీ నది. ఒకే చుక్కకి మూడు అంతస్తులు. ఏ స్కేలు తెచ్చినా చదును కాగితం వీటిని ఒకదాని కింద ఒకటి చూపించలేదు. గుహలోకి దిగి తల ఎత్తి చూస్తే రాతి కప్పే కనిపిస్తుంది. పక్కనే ఒకావిడ పిల్లాడికి శివలింగాన్ని చూపిస్తోంది. పట్టాలు పైనెక్కడున్నాయో నేను వేళ్లతో కొలుస్తుంటే గైడు నన్ను అనుమానంగా చూశాడు.

గుహల బయట చేత్తో వేసిన టూరిస్టు బోర్డు ఒకటుంది. అరకు, అనంతగిరి, గాలికొండ, కటికి జలపాతం అన్నీ ఒక చెట్టుకి కాసిన పళ్లలా ఉన్నాయి. మూల 'నాట్ టు స్కేల్' అని రాశారు. దాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు గానీ నేను నవ్వను. స్కేలు వదిలేస్తున్నానని చెప్పి వదిలేసింది. దేని తర్వాత ఏది వస్తుందో తప్పులేకుండా చెప్పింది. 1933లో అచ్చయిన లండన్ భూగర్భ రైలు పటంలో హ్యారీ బెక్ చేసింది కూడా ఇదే. భూమి కింద వెళ్లేవాడికి దూరం అక్కర్లేదు, ఎక్కడ రైలు మారాలో చాలు. కాకపోతే కొండ ఎక్కేవాడికి ఆ బోర్డు ఏ సాయమూ చెయ్యదు.

కటికి జలపాతానికి జీపు కొంతదూరమే పోతుంది. ఆపైన నడక. దారి చూపడానికి ఆ ఊరి కుర్రాడొకడు వచ్చాడు.

"ఎంత దూరం తమ్ముడూ?"

"మాకైతే పావుగంట సార్. సిటీవాళ్లకి అరగంట."

కొండల్లో ఎవర్ని అడిగినా కాలంలోనే చెబుతారు, కిలోమీటర్లలో చెప్పరు. మనం దాన్ని అమాయకత్వం అనుకుంటాం. షీటు పరిచి చూశాను. చుక్కల గీతగా వేసిన కాలిబాట సుమారు రెండు సెంటీమీటర్లు, అంటే కిలోమీటరు. చదునైతే పన్నెండు నిమిషాలు. కానీ ఆ రెండు సెంటీమీటర్లలో బాట ఐదు గోధుమ గీతల్ని దాటుతోంది. వంద మీటర్ల ఎక్కుడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు కొండనడకల మనిషి ఒక లెక్క చెప్పాడు. గంటకి ఐదు కిలోమీటర్ల చొప్పున నడక, దానికితోడు ఎక్కే ప్రతి ఆరువందల మీటర్లకీ ఇంకో గంట. ఆ లెక్కన వంద మీటర్లకి పది నిమిషాలు. మొత్తం ఇరవైరెండు. కుర్రాడు చెప్పిన పావుగంటకీ అరగంటకీ సరిగ్గా మధ్యన పడింది. రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు అని ఉత్తి స్కేలు పట్టుకుని వచ్చినవాడికంటే వాడి జవాబు నేలకి దగ్గర. కొండ మ్యాపులో దూరం కొలవడానికి ముందు గీతలు లెక్కపెట్టాలని నాకు ఆ రోజు కాళ్లతోసహా తెలిసింది.

పట్టాలు దాటి ఎక్కుతుంటే ఒకచోట దారి చీలింది. షీటులో ఒకటే బాట ఉంది. "రెండోది వానాకాలందా?" అన్నాను. "అవును సార్. వానలప్పుడు ఈ గెడ్డ దాటలేం, పైనుంచి పోతాం." షీటు అంచున సర్వే చేసిన సంవత్సరం అచ్చేసి ఉంటుంది. స్కేలు తర్వాత నేను చూసేది దాన్నే. నెల కూడా వేస్తే ఇంకా బాగుండేదనిపించింది. జలపాతం ఉన్నచోట నీలిగీత మీద కాంటూర్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఒక ముద్దగా ఉన్నాయి. జల్లు దూరంనుంచే మొహాన కొడుతోంది. పదిహేను మీటర్ల చిన్న దూకుడైతే ఇరవై మీటర్ల గీతల మధ్య దాక్కునే వీలుంది, ఇది అలా దాక్కోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చీలిక దగ్గర ఆగి పెన్సిలుతో రెండో బాట గీసుకున్నాను. కుర్రాడు భుజం మీదుగా తొంగిచూసి, "అక్కడ మా పనసచెట్టు కూడా ఎయ్యండి సార్, అందరూ దాన్ని చూసే మలుపు తిరుగుతారు," అన్నాడు. ఆనవాలుగా నిలబడే చెట్లకి సర్వే షీట్లలో నిజంగానే ఒక గుర్తు ఉంది. సున్నా చుట్టి చూపించాను. ఎంత వెడల్పు వచ్చిందని అడిగాడు. రెండు మిల్లీమీటర్లని చెప్పాను. దారి పొడుగునా నా లెక్కలు వింటున్నాడు కదా, వేళ్ల మీద గుణించుకున్నాడు.

"అయితే మా చెట్టు వంద మీటర్లుందా సార్?"

అది చెరిపేసి, పెన్సిలు సన్నగా చెక్కి చుక్క పెట్టాను. అర మిల్లీమీటరు. ఇదీ పాతిక మీటర్లవుతుంది, ఇంతకన్నా తగ్గించలేనన్నాను.

"ఉంచేయండి సార్," అన్నాడు. "పళ్లు మగ్గినప్పుడు వాసన అంతమేరా వస్తది."